విమానం ఒంటిమీది తేదీ

మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒకరోజు నన్నూ మనవరాలినీ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం దగ్గర దింపేసి తన ఆఫీసుకు పోయింది. అక్కడ టికెట్టు లేదు. సాయంత్రం దాకా ఎవరూ పొమ్మనరు. నాలాంటివాణ్ని ఒకచోట కట్టిపడేయడానికి ఇంతకన్నా క్షేమమైన చోటు లేదని దానికి తెలుసు. "నాన్నా, తాడు దాటి లోపలికి మాత్రం పోకు" అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది.

మనవరాలికి తొమ్మిదేళ్లు. నేను తాడు ఇవతలి నుంచి మెడ సాచి రెక్కల కుట్లు చూసుకుంటుంటే, అది విమానాల మీది రాతలు కూడబలుక్కుంటూ ముందుకు పోతోంది. ఉన్నట్టుండి ఆగి, "తాతయ్యా, ఇక్కడ హైదరాబాద్ అని రాసుంది" అంది.

"పక్కన బోర్డు మీద రాసుంటారులే."

"బోర్డు మీద కాదు. విమానం మీదే!"

నిజమే. కాక్‌పిట్ కింద, ముదురు రంగు బట్ట మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు. హైదరాబాద్ నిజాం ప్రభువు సమర్పించినది అని, ఆ పక్కనే హైదరాబాద్ అన్న పేరుతో వరస నంబరూ. మన గుళ్లలో దాతలు ట్యూబ్‌లైటు మీద పేరు రాయిస్తారు చూడండి, వచ్చే వెలుతురులో సగం ఆ పేరే మింగేస్తుంది. నాకు ముందు అదే గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత కాసేపు అక్కణ్నుంచి కదలలేకపోయాను.

ఆ విమానం రకం డీహెచ్-9ఏ. దాని నంబరు ఎఫ్1010. కర్ర చట్రం, చుట్టూ నార బట్ట, ముందు 400 గుర్రాల శక్తి ఉన్న లిబర్టీ ఇంజను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాళ్లు 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూర్చుకున్నారు. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది. 1918 అక్టోబరు 5న ఈ ఎఫ్1010 జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్లి తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. ఇంకో 37 రోజులు గడిస్తే యుద్ధమే ముగిసిపోయేది.

పట్టుకున్న విమానాన్ని జర్మన్లు పారేయలేదు. బెర్లిన్‌లో విమానాల మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే దాన్ని తూర్పుకు తరలించారు. అలా పోలండ్ చేరి, యుద్ధం అయ్యాక క్రాకో మ్యూజియంలో మొండెంలా మిగిలింది. రెక్కలు పోయాయి. 1977లో బ్రిటిష్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని క్రాకోకు ఇచ్చి దీన్ని తెచ్చుకున్నారు. రెండు మ్యూజియంల మధ్య కుండమార్పిడి అన్నమాట. ఆ తర్వాత కొత్త రెక్కలు చేసి, బట్ట చుట్టి, రంగు వేసి, ఆ అక్షరాలు మళ్లీ రాశారు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోతాను. రంగు వేశారు, అక్షరాలు రాశారు. ఏ రంగు? ఏ అక్షరాలు? ఎవరు చెప్పారు?

నా సంగతి కాస్త చెప్పాలి. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి వెళ్లి వైమానిక దళంలో చేరి, తాంబరంలో పని నేర్చుకున్నాను. నా ట్రేడు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. ఇంజను వాళ్లు ఇంజను చూసుకుంటారు, మిగతా ఒళ్లంతా మాది. జోర్హాట్‌లో డకోటాల మీద పనిచేశాను. డకోటా అంటే మొత్తం అల్యూమినియం రేకు అనుకుంటారు కానీ, తోక మీద కదిలే చుక్కాని, ఎలివేటర్లు, రెక్కల చివర ఐలెరాన్లు బట్టతో కప్పినవే. ఆ బట్ట పాడైతే విప్పి కొత్తది తొడిగి, మైనం పట్టించిన దారంతో ఒక్కో పక్కటెముకకూ కుట్టి, కుట్టు మీద టేపు అంటించి, పైన డోపు పూసేవాళ్లం. డోపు ఆరేకొద్దీ బట్ట ముడుచుకుని మృదంగంలా బిగుస్తుంది. వేలితో కొడితే మోగాలి. మోగలేదంటే మళ్లీ పూత.

మేం వాడిన డోపుకు అరటిపండు ఎసెన్సు వాసన ఉండేది. జోర్హాట్ వానల్లో పూస్తే గాలిలోని తేమకు పైపొర తెల్లగా పాలిపోయేది, బూజు పట్టిన పచ్చడి జాడీలా. అప్పుడు మొత్తం తుడిచి మళ్లీ మొదలు. మా పైన ఒక వారంట్ ఆఫీసరు ఉండేవాడు, పాలక్కాడ్ మనిషి. వాన మొదలైతే చాలు డోపు డబ్బాకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. "ఆకాశం చెప్పే దాకా డబ్బా తెరవొద్దు" అనేది ఆయన చట్టం.

అందుకే లండన్‌లో ఆ పాత విమానం ముందు నిలబడగానే నా కళ్లు రంగు మీదికే పోయాయి. దాన్ని చూడగానే ఆకుపచ్చ అనలేం, గోధుమ రంగూ అనలేం. దాని పేరు పీసీ10. రక్షణ పూత, పదో నంబరు అని అర్థం. ఎండ తగిలితే నార బట్ట కుళ్లిపోతుంది, కాబట్టి ఎండను ఆపడానికి డోపులో రంగు కలిపారు. పైనుంచి చూసేవాడికి విమానం పొలంలో కలిసిపోవడం అదనపు లాభం. కలిపినవి రెండే: పసుపు ఓకర్ మట్టి, చిటికెడు దీపపు మసి. అంత సులువైన వంటకం. కానీ ఏ ద్రావకంలో కలిపారు, పైన ఏ వార్నిష్ వేశారు, ఎన్ని నెలలు ఎండలో ఉందన్నదాన్ని బట్టి అదే రంగు ముదురు ఆకుపచ్చ నుంచి చాక్లెట్ గోధుమ దాకా మారిపోతుంది. పాత విమానాలు బాగుచేసేవాళ్లు దీని మీద వాదించుకోవడం, ఆవకాయలో మెంతిపిండి ఎంత అని అక్కచెల్లెళ్లు వాదించుకోవడం లాంటిది. అందరిదీ నిజమే, అందరి జాడీలూ వేరు.

దీన్నిబట్టి నేను చెప్పదలుచుకున్నదేమిటంటే, పాత విమానానికి 'పాత రంగు' అనేది ఒకటి ఉండదు. తేదీ ఉంటుంది. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, వీలైతే ఫలానా రోజు ఈ విమానం ఎలా ఉందో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే డబ్బా మూత తీయాలి. తేదీ తేలకుండా వేసిన రంగు ఎంత మెరిసినా అది నాటకాల కంపెనీ కిరీటమే.

ఆ తేదీని పట్టిచ్చే అన్నింటికన్నా పెద్ద సాక్షి రౌండెల్. రెక్కల మీద, నడుం మీద ఉండే ఆ గుండ్రటి గుర్తు. 1914లో యుద్ధం మొదలైన కొత్తలో బ్రిటిష్ వాళ్లు విమానాల మీద తమ జెండా వేసుకున్నారు. కింద ఉన్న సిపాయిలకు దూరం నుంచి అందులోని సిలువ ఒక్కటే కనిపించేది, జర్మన్ల గుర్తూ సిలువే. సొంత మనుషులే కాల్చడం మొదలెట్టారు. దాంతో ఫ్రెంచి వాళ్ల రంగు వలయాలను తీసుకుని, నీలం బయటికి, ఎరుపు మధ్యకు తిప్పి పెట్టుకున్నారు. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటీ విమానాలతో మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు వాటి మీదున్నదీ ఆ ఎరుపు, తెలుపు, నీలం గుర్తే.

తర్వాత జపాన్ వచ్చింది. జపాన్ విమానం మీద ఉండేది ఒకటే, ఎర్రటి సూర్యుడు. బర్మా అడవుల మీద ఎగిరే విమానంలో ఎర్ర చుక్క కనిపిస్తే కింద ఉన్న తుపాకీ వాడు ఆలోచిస్తూ కూర్చోడు. అందుకని ఈ ప్రాంతంలో ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మిగిల్చారు. 1944లో ఇంఫాల్ మీద అర్జన్ సింగ్ నడిపించిన మొదటి స్క్వాడ్రన్ హరికేన్లు ఈ రెండు నీలాల విమానాలే. ఇంఫాల్ హరికేన్ అని చెప్పి మధ్యలో అందంగా ఎర్ర చుక్క పెట్టారనుకోండి, అది చిన్న పొరపాటు కాదు. ఆ చుక్కతో ఆ రోజు ఎగిరి ఉంటే మనవాళ్లే కూల్చేసేవాళ్లు.

స్వాతంత్ర్యం వచ్చాక నీలం అశోకచక్రం వచ్చింది. ఆ తర్వాత ఇప్పుడు మనం చూసే మూడు వలయాలు: బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. 1933 నుంచి 1950 దాకా లెక్కేస్తే ఒకే దళానికి నాలుగు గుర్తులు. పేరులో 'రాయల్' అన్న మాట కూడా 1945లో వచ్చి 1950లో పోయింది. అమెరికా వాళ్లది మరీ విడ్డూరం. వాళ్ల నక్షత్రం మధ్యలోనూ ఎర్ర చుక్క ఉండేది, 1942 మేలో తీసేశారు. 1943 జూన్‌లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి చుట్టూ ఎర్ర అంచు పెట్టారు. సెప్టెంబరుకల్లా ఎరుపు మళ్లీ వద్దనుకుని అంచు నీలం చేశారు. అంటే ఎర్ర అంచు ఉన్న విమానం ఫొటో దొరికితే తేదీ కోసం వెతకనక్కర్లేదు. పట్టాదారు పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ ఉందో చూసి ఏ ప్రభుత్వం నాటిదో చెప్పేస్తాం కదా, ఇదీ అంతే.

మరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువగా నలుపు తెలుపు ఫొటోల్లో. అక్కడే ఇంకో చిక్కు. ఆ రోజుల్లో వాడిన ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు కనిపించదు. దాన్ని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము అంటారు. ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు ముదురుగా పడుతుంది, నీలం పాలిపోయినట్టు పడుతుంది. ఈ సంగతి తెలియనివాడు ఫొటో చూసి పసుపు వలయాన్ని నలుపు అనుకుని రంగు వేసేస్తాడు. కొలతలు కూడా ఫొటోలోంచే తీయాలి. దానికి చిట్కా ఉంది. యుద్ధకాలంలో బ్రిటిష్ విమానాల నడుం మీద నంబరు అక్షరం మామూలుగా 8 అంగుళాల ఎత్తు, 5 అంగుళాల వెడల్పు, గీత మందం అంగుళం. ఆ ఎనిమిదిని కొలబద్ద చేసుకుంటే ఫొటోలో మిగతావన్నీ కొలవొచ్చు. నంబరు కనపడకపోతే రివెట్ల వరసలు లెక్కపెట్టుకోవాలి. నేను కూర్చుని భూతద్దంతో రివెట్లు లెక్కపెడుతుంటే మా ఆవిడ, "బియ్యంలో రాళ్లేరమంటే కళ్లు కనపడవంటారు" అని దెప్పేది.

రెండో సాక్ష్యం విమానం ఒంటిమీదే ఉంటుంది, పాత పూతల కింద. ఈ సాక్ష్యాన్ని నా చేతులతో నేనే చెరిపేశాను. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే అబద్ధం ఆడినట్టే.

రిటైరై వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డాక, ఒక విద్యాసంస్థ వాళ్లు పిలిచారు. వాళ్ల ఆవరణలో దిమ్మె మీద ఒక పాత శిక్షణ విమానం ఉంది. జనవరి 26కు పెద్దాయనెవరో వస్తున్నారు, విమానం మెరవాలి. నాకు నాలుగు రోజులు ఇచ్చారు. కార్లకు రంగులేసే షెడ్డు నుంచి ముగ్గురు కుర్రాళ్లను కూడా ఇచ్చారు. ఇంతకుముందు దీని మీద ఏముండేదని అడిగితే, "సార్, ఏదో ఉండేది లెండి, మీరు కొత్తగా నీటుగా వేసేయండి" అన్నారు. సరేనన్నాను. అదే నా తప్పు.

కుర్రాళ్లు గరుకు ఎమిరీ కాగితాలు పట్టుకుని గోడ గీకినట్టు గీకుతున్నారు. రెండో రోజు మధ్యాహ్నం నేను టీ తాగి వచ్చి తోక దగ్గర నిలబడ్డాను. గేటు తలుపులకు వేసే ఎనామిల్ పోయి, దాని కింద తెలుపు పోయి, దాని కింద వెండి రంగు తేలి, ఆ వెండి మీద పసుపు మచ్చ. ఆ మచ్చలో నల్లగా ఒక గీత, కొసలు విచ్చుకుని. రెక్కలాగా ఉంది. ఆకులాగానూ ఉంది. పక్కన సగం అక్షరం. "అన్నా, ఇది కూడా పోవాల్నా?" అన్నాడు కుర్రాడు. నేను గడియారం చూసుకుని "కానియ్" అన్నాను. రెండు నిమిషాలు పట్టింది. జేబులో ఫోను ఉంది, అందులో కెమెరా ఉంది.

ఆ రాత్రి నిద్రపట్టక కాగితం మీద ఆ గీత వేసి చూశాను. ఒకసారి పక్షి వచ్చింది, ఒకసారి ఆకు వచ్చింది. ఏ యూనిట్ గుర్తో ఇప్పటికీ తెలియదు. 26న పెద్దాయన వచ్చి దిమ్మె ముందు ఫొటో దిగి వెళ్లారు. విమానం బ్రహ్మాండంగా మెరిసింది.

చేయాల్సిన పద్ధతి ఇదీ. అనుమానం ఉన్నచోట రూపాయి బిళ్లంత మేర ఎంచుకోవాలి. బాగా సన్నటి కాగితం తడిపి, వేలితో గుండ్రంగా, మెట్లుమెట్లుగా రుద్దాలి. మధ్యలో లోహం తేలేసరికి చుట్టూ పూతలన్నీ ఒకదాని పక్కన ఒకటి, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా వలయాలుగా కనపడతాయి. కింద పసుపుపచ్చ ప్రైమరు, దాని మీద మొదటి రంగు, పైన రెండోది, అలా. పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీయాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు అబద్ధం చెబుతుంది. ఆ రంగును అచ్చైన రంగుల పట్టీతో పోల్చి నంబరు రాసుకోవాలి. బ్రిటిష్ పట్టీలో ముదురు మట్టిరంగు 450, ముదురు ఆకుపచ్చ 641. అక్షరాల జాడ కనిపిస్తే పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో ట్రేసింగు తీసుకోవాలి. ఇదంతా అయ్యాకే గీకుడు. ఒక పూట పని. నాలుగు రోజుల్లో ఒక పూట నా దగ్గర లేకపోయిందంటే నేనే నమ్మను.

ఇక మా డకోటా. 2018 మే 4న ఢిల్లీ దగ్గరి హిండన్‌లో వైమానిక దళంలో చేరిన 'పరశురామ'ను టీవీలో చూసి లేచి నిలబడ్డాను. 1944లో తయారై బ్రిటిష్ వాళ్ల దగ్గర పనిచేసిన ఈ విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్, వైమానిక దళంలోనే పనిచేసిన తన తండ్రి ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ పేరు మీద కానుకగా ఇచ్చారు. ఇంగ్లండులోని కోవెంట్రీలో బాగుచేయించారు. ఏప్రిల్‌లో అక్కణ్నుంచి బయల్దేరి దేశాల మీదుగా మజిలీలు చేసుకుంటూ 25న జామ్‌నగర్‌లో దిగింది. దాని తోక మీది నంబరు వీపీ905. 1947 అక్టోబరు 27న ఒకటో సిక్కు బెటాలియన్ సైనికులను తీసుకుని శ్రీనగర్‌కు వెళ్లిన మొదటి డకోటా నంబరు అది.

ఆ విమానం, ఈ విమానం ఒకటి కాదు. నంబరు అరువు తెచ్చి రాశారు. కొందరు దీన్ని మోసం అంటారు, నేను అనను. తాతగారి పేరు మనవడికి పెట్టుకుంటాం, వాణ్ని చూసి తాతే అని ఎవరూ పొరబడరు కదా. కాకపోతే ఇంటికి వచ్చినవాళ్లకు "వీడు మనవడు" అని చెప్పాలి. విమానం పక్కన బోర్డు మీద ఆ ఒక్క వాక్యం ఉంటే నాకే అభ్యంతరమూ లేదు.

నాకు అభ్యంతరం ఉన్నది ఇంకో చోట. రెండో యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో వదిలేసి వెళ్లిన లిబరేటర్ బాంబర్లు ఉండేవి. బీ-24లు, నాలుగేసి ఇంజన్ల భారీ విమానాలు. ఇంకెవరికీ పనికిరాకుండా వాటిని పాడుచేసి మరీ పోయారు. మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచి పనికొచ్చే భాగాలు ఏరి, ఒక్కొక్కటే ఎగిరేలా చేసి, బెంగళూరు తీసుకెళ్లి, నలభైకి పైగా విమానాలు నిలబెట్టారు. అవి 1968 దాకా మన దళంలో ఎగిరాయి. అమెరికాలో వేలకొద్దీ తయారైన ఆ రకాన్ని వాళ్లు తుక్కు కింద కరిగించేసుకున్నాక, మ్యూజియంలకు కావలసి వచ్చినప్పుడు దొరికినవాటిలో చాలా మనవే.

అందులో ఒకదాని చరిత్ర వినండి. 1944 ఆగస్టులో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో తయారైంది. బ్రిటిష్ దళానికి వెళ్లింది. తర్వాత 1968 దాకా మన దగ్గర పనిచేసింది. అక్కణ్నుంచి ఇంగ్లండు, అక్కణ్నుంచి అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ చేతికి. వాళ్లు దాన్ని విప్పి బాగుచేసి 1989లో మళ్లీ ఎగరేశారు. ఆ కష్టానికి దండం పెట్టాల్సిందే. అప్పుడు దాని మీద 'ఆల్ అమెరికన్' అన్న పేరు రాశారు. 1998లో అది తీసేసి 'ద డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్' అని పెద్ద బొమ్మ వేశారు. 2005లో దాన్నీ తీసేసి 'విచ్‌క్రాఫ్ట్' అన్నారు. మూడూ యుద్ధంలో పేరు మోసిన వేరే వేరే విమానాల పేర్లు. ఒక్కో పేరు వెనకా ప్రాణాలిచ్చిన మనుషులున్నారు, కాదనను. కానీ ఆ అల్యూమినియం ఒంటిమీద ఎక్కువ కాలం ఉన్నది మూడు రంగుల వలయం. ఆ వేషం ఒక్కసారికీ దానికి దక్కలేదు. అరువు పేరు మూడుసార్లు పెట్టినవాళ్లు, అసలు పేరు ఒక్కసారి పెట్టి చూడొచ్చు కదా.

దీనికి తిరగేసిన కథ ఒకటి అమెరికాలోనే ఉంది. 1944 జూన్ 5 రాత్రి నార్మండీ మీదికి పారాట్రూపర్లను మోసుకెళ్లిన ఎనిమిది వందలకు పైగా సీ-47లకు ముందు నడిచిన విమానం పేరు 'దట్స్ ఆల్, బ్రదర్'. ఇక నీ పని అయిపోయిందిరా తమ్ముడూ అని హిట్లర్‌కు చెప్పడం. యుద్ధం తర్వాత చేతులు మారి మారి, అది ఏ విమానమో మరిచిపోయి, చివరికి విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్‌లో ఇంకో రకంగా మార్చేయడానికి వరసలో నిలబెట్టారు. పాత కాగితాల్లో నంబరు వెతుకుతున్న ఒక చరిత్రకారుడి కంటపడి 2015లో బతికిపోయింది. 2018 జనవరి 31న మళ్లీ ఎగిరింది. అసలు ఒంటికి అసలు పేరు దక్కడం ఎంత అరుదో ఈ రంగంలో ఉన్నవాళ్లకే తెలుసు. ఆ దాడికి ముందు విమానాలకు మూడు తెల్ల, రెండు నల్ల పట్టీలు వేశారు. రహస్యం బయటపడకూడదని ఆఖరి రోజుల్లో చెప్పారు కాబట్టి సిపాయిలు దొరికిన కుంచెతో హడావిడిగా పులిమేశారు. ఇప్పుడు బాగుచేసేవాళ్లు మాస్కింగ్ టేపు పెట్టి గీసినట్టు వేస్తుంటారు. అంత నీటుగా ఉందంటే అది తప్పు. వంకరగా వేయడానికీ ధైర్యం కావాలి.

మన దగ్గరికొస్తే, విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. 29 ఏళ్లు, 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరిన నౌకాదళ విమానం. 2017 డిసెంబరు నుంచి జనం చూస్తున్నారు. ఉప్పుగాలికి అల్యూమినియం ఎలా పొక్కుతుందో నాకు తెలుసు. దానికి మళ్లీ మళ్లీ రంగు వేయక తప్పదు. వేసే ప్రతిసారీ ముందు ట్రేసింగు తీయండి, చిన్న చిన్న హెచ్చరిక రాతలతో సహా. నా చేతులతో చెడగొట్టినవాణ్ని కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది.

లండన్‌లో ఆ సాయంత్రం మనవరాలు ఒక ప్రశ్న వేసింది. "ఈ అక్షరాలు ఇలాగే ఉండేవని వాళ్లకెలా తెలుసు తాతయ్యా?" అంది. అప్పట్లో ఎవరో ఫొటో తీశారమ్మా, ఎవరో దాచారు అన్నాను.

దాచడం గురించే చివరిగా ఒక మాట. వైమానిక దళంలో పనిచేసిన తండ్రులు, తాతలు ఉన్న ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు. బేగంపేటలోనో, అంబాలాలోనో, జోర్హాట్‌లోనో విమానం ముందు చేతులు కట్టుకుని దిగిన ఫొటో ఒకటి ట్రంకుపెట్టెలో ఉండే ఉంటుంది. మనిషి పోయాక తద్దినానికి ఫ్రేము కట్టించడానికి మొహం మట్టుకు కత్తిరించి మిగతాది పారేస్తారు. ఆ పారేసిన ముక్కలో తోక ఉంటుంది, తోక మీద నంబరు ఉంటుంది, వలయం ఉంటుంది. ఫొటోను కత్తిరించకండి. రెండు వైపులా స్కాను చేయించి, ఫ్రేముకు కావాలంటే స్కాను కాపీని కత్తిరించుకోండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, పక్కన ఎవరు అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఫొటో వెనక రాయండి. పెన్నుతో వద్దు, ఇంకు ముందువైపుకు దిగుతుంది. పెన్సిలుతో రాయండి.